మూడో టైలర్

మార్చి 3, సోమవారం

మోకాలు అరిగిందని డాక్టర్ రాసిచ్చాడు. జీపెక్కే డ్యూటీ పోయింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు తర్వాత నన్ను తెచ్చి జాయింట్ సెల్‌లో కుర్చీకి అతికించారు. మొగుళ్ల చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం పోలీసు, ఆసుపత్రి, షెల్టర్, కోర్టు కలిసి పనిచేసే సెల్ అట. కలిసి అంటే ఒక కంప్యూటర్, ఒక ఫారం. ఫారంలో ఇరవై ఒక్క ప్రశ్నలు. స్కోరు పద్నాలుగు దాటితే కేసు రెడ్. రెడ్ పడగానే నాలుగు ఆఫీసులకూ మెసేజ్ వెళ్తుంది.

నా పని ఫాలోఅప్ కాల్. మొగుడు ఫోన్ ఎత్తితే పోలీసునని చెప్పకూడదు, టైలర్నని చెప్పాలి. బట్టలు రెడీ అయ్యాయి, ఒకసారి కొలత చూసుకోమనండి అనాలి. ఆవిడ లైన్లోకి వచ్చి వదులు చెయ్యమంటే బాగానే ఉన్నట్టు. బిగించమంటే జీపు పంపాలి. నా గొంతు ఈ పనికి అచ్చంగా సరిపోతుందని ట్రైనింగ్ ఇచ్చిన కౌన్సెలర్ మెచ్చుకుంది. విసుగు దానంతటదే ఉందట. ఈ వయసులో కొత్త వృత్తి, అదీ సూది పట్టకుండా.

మార్చి 6, గురువారం

లెక్కల టీచర్ వచ్చింది. ఈ ఎండలో మెడకు స్కార్ఫ్. ప్రశ్నలు తనే చదువుకుని తనే టిక్కులు పెట్టింది. నేను కూడి పదహారు అన్నాను. పదిహేడు మేడం అంది. మళ్లీ కూడితే పదిహేడే. గొంతు నొక్కాడా అన్నదానికి రెండు మార్కులు, నేను ఒకటే వేశాను. సిగ్గేసింది.

మొగుడు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడట. గట్టిగా మాట్లాడడట. తలుపు వేసి, టీవీ సౌండ్ పెంచి, అప్పుడు మొదలుపెడతాడట. పద్నాలుగో తారీకు, శుక్రవారం, కూతురి ఆఖరి పరీక్ష. సెంటర్ నుంచి పిల్లను తీసుకుని తిన్నగా షెల్టర్‌కి వచ్చేస్తానంది. అంతవరకూ ఇంటికి ఎవరినీ పంపొద్దంది. ఇంకో మాట కూడా రెండుసార్లు చెప్పింది. తనది మధ్యాహ్నం షిఫ్టు. పన్నెండు దాకా ఇంట్లోనే ఉంటుంది, ఫోన్ ఆయన చేతిలో ఉంటుంది. మూడు తర్వాత స్టాఫ్ రూంలో ఉంటుంది కాబట్టి అప్పుడే చెయ్యాలి. టైలర్ సంగతి చెప్పి నా నంబర్ ఇచ్చాను.

ఫారం అంచున ఎర్ర పెన్నుతో రాశాను: మూడు తర్వాతే. కంప్యూటర్లో ఎక్కించబోతే అలాంటి మాట రాసే గడి లేదు. స్కోరు ఒక్కటే ఎక్కింది.

మార్చి 7

గడి పెట్టించమని ఇన్‌స్పెక్టర్ని అడిగాను. పై ఆఫీసుకు లెటర్ పెట్టమన్నాడు. పెట్టాను.

మార్చి 12, బుధవారం, ఉదయం 11.40

ఇది ఇప్పుడే రాసెయ్యాలి, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ప్రతి గురువారం మీటింగ్. బుధవారం పన్నెండు లోపు ఫాలోఅప్ ఎక్కించకపోతే మన ఆఫీసు పేరు పక్కన సున్నా పడుతుంది. ఇన్‌స్పెక్టర్ పొద్దున్నుంచి రెండుసార్లు గుర్తుచేశాడు. మూడు దాకా ఆగాలని నాకు తెలుసు. నా చేత్తో నేనే రాశాను. అయినా పదకొండుంబావుకి చేశాను. ఎత్తకపోతే ఎత్తలేదని ఎక్కిద్దాం అనుకున్నాను.

ఆయనే ఎత్తాడు. టైలర్నని చెప్పాను. కోప్పడలేదు. ఎంతో మర్యాదగా, పొద్దున్నుంచి మీరు మూడో టైలరండీ అన్నాడు. పదింటికి ఒకావిడ, పదీ నలభైకి ఇంకో ఆవిడ చేశారట. మా ఆవిడకి ఇన్ని బట్టలెక్కడివండీ, మీ షాపు ఎక్కడండీ అని అడిగాడు. ఏదో బజారు పేరు చెప్పబోయాను. ఆయనే పెట్టేశాడు.

మిగతా మూడు ఆఫీసులకీ ఫోన్ చేసి కనుక్కున్నాను. పదింటికి చేసింది ఆసుపత్రి నర్సు. పదీ నలభైకి చేసింది షెల్టర్ వార్డెన్. అందరికీ ట్రైనింగ్ ఇచ్చింది ఆ ఒక్క కౌన్సెలరే. అందరినీ టైలర్లనే చేసింది. అందరికీ గడువు పన్నెండే. కోర్టు గుమాస్తా ఒక్కడే చెయ్యలేదు, బద్ధకించాడట. బద్ధకం ఒకరికి మేలు చెయ్యడం ఈ సర్వీసులో ఇప్పుడే చూశాను.

సాయంత్రం 4

జీపు పంపమని కాళ్లావేళ్లా పడ్డాను. ఆవిడే ఇంటికి రావద్దందిగా, రేపు నలుగురూ కూర్చుని నిర్ణయిద్దాం అన్నాడు ఇన్‌స్పెక్టర్. కుంటుకుంటూ నేనే స్కూలుకి వెళ్లాను. టీచర్ రాలేదు. ఒంట్లో బాగాలేదని భర్త ఫోన్ చేశాడట.

అక్కణ్ణుంచి వాళ్లింటికి వెళ్లాను. తాళం. ఇద్దర్నీ కారెక్కించుకుని ఒంటిగంటకే వెళ్లిపోయాడని పక్కింటావిడ చెప్పింది. టీచర్ కుడిచెయ్యి చున్నీలో చుట్టుకుని ఉందట. కారు తలుపు కూతురు తీసిందట.

మార్చి 13, గురువారం

మీటింగ్. టీచర్ కేసులో ఫాలోఅప్ మూడు, గడువులోపల మూడు. స్క్రీన్ మీద పచ్చగా వచ్చింది. కోర్టు గుమాస్తాకి మాత్రం చీవాట్లు పడ్డాయి.

నేను లేచి ఆ మూడు కాల్స్ వల్లే టీచర్ దొరికిపోయిందని చెప్పాను. అందరూ నా మోకాలి వైపు చూశారు, పాపం నొప్పితో మాట్లాడుతోంది అన్నట్టు. కౌన్సెలర్ మాత్రం తల దించుకుంది. ఇకమీదట ఆసుపత్రి వాళ్లు టైలర్, షెల్టర్ వాళ్లు కొరియర్, మనం గ్యాస్ ఏజెన్సీ అని తీర్మానం చేశారు. ఒళ్లు మండిపోయింది. టీచర్ ఎక్కడుందో కనుక్కుందాం అన్నాను. ఆ పాయింట్ వచ్చేవారానికి వేశారు.

మార్చి 14

పరీక్ష సెంటర్ గేటు దగ్గర మూడు గంటలు నిలబడ్డాను. ఆ పిల్ల రాలేదు.

మార్చి 20, గురువారం

కేసు మూసేశారు. కారణం: పరిధి దాటి వెళ్లిపోయారు. ఇరవై ఆరేళ్లుగా ఇలాంటి కారణాలు నేనూ రాశాను. చదివేవాళ్లకి ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

మార్చి 22, శనివారం

ఉదయం తొమ్మిదింటికి కొత్త నంబర్ నుంచి ఫోన్. ఆడపిల్ల గొంతు. టైలర్ ఆంటీయేనా అంది. కాదమ్మా, పోలీసుని అన్నాను. పెట్టేస్తుందేమోనని వెంటనే మీ అమ్మ ఎలా ఉందమ్మా అన్నాను. అమ్మ నా నంబర్ కంఠతా పట్టించిందట. ఎదురింటివాళ్ల ఫోన్ నుంచి చేస్తోంది. నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్లో, బాబాయి వాళ్ల ఖాళీ ఫ్లాట్లో ఉన్నారట. అమ్మ చెయ్యి వాచి నల్లబడిందట. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడంలేదట.

అడ్రస్ రాసుకున్నాను. ఫారం తెరవలేదు. స్కోరు వెయ్యలేదు. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదు. నాతో ట్రైనింగ్ అయిన ఒకతి ఇప్పుడు ఆ ఊళ్లోనే ఎస్సై. పెళ్లిళ్లలో కనిపిస్తే పలకరించుకోవడం తప్ప పెద్ద స్నేహం లేదు. ఒసే, ఇదీ సంగతి అని చెప్పాను. ఏమీ అడగలేదు. నలభై నిమిషాలకి ఫోన్ చేసి తల్లీకూతుళ్లిద్దరూ తన జీపులో ఉన్నారంది. ఆయన స్టేషన్లో కూర్చుని మంచినీళ్లు అడుగుతున్నాడట, ఎంతో మర్యాదగా.

అప్పుడు ఏడ్చాను. ఇన్‌స్పెక్టర్ని అడక్కుండా పన్నెండో తారీకునే చెయ్యగలిగిన పని ఇది.

మార్చి 28

ఆయనకి బెయిల్ వచ్చింది. టీచర్ కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. ఆలస్యమవడంతో వంకరగా అతుక్కుందట. మళ్లీ విరిచి కట్టారు.

మార్చి 30, ఆదివారం

షెల్టర్‌కి వెళ్లాను. టీచర్ గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ మీతో మాట్లాడదట అంది కూతురు. సరేనని లేచాను. కానీ మీరు తప్ప ఇంకెవరూ రావొద్దట అంది.

మళ్లీ కూర్చున్నాను. గంటసేపు అక్కడే ఉన్నాను.