బొట్టు పెట్టిన బ్యాడ్జీ

కోవూరు మధుబాబు గారికి,

ఈ ఉదయం మా అవ్వ దేవుడి గూడు తుడుస్తూ, బ్యాడ్జీ ఉండే ఖాళీ చోటును కూడా తడిగుడ్డతో తుడిచింది. అందుకే ఈ ఉత్తరం.

ఆయుధపూజ మరునాడు మీరు పాత వస్తువులు సేకరిస్తానంటూ వాకాడులో మా ఇంటికి వచ్చారు. 1971 యుద్ధ స్మారక బ్యాడ్జీని ఫొటో తీసి ఇస్తానని పట్టుకెళ్లారు. దాని మీద కుంకుమ చూసి, చనిపోయినవారిదని మీరే తేల్చుకున్నారు. ఆ పండుగకు మేం బొట్టు పెట్టేది పనిముట్లకు, పోయినవారికి కాదు.

"పోయినోళ్ల వస్తువు నీకెందుకవ్వా? దీని విలువ నీకేం తెలుసు? నా దగ్గరుంటే నలుగురూ చూస్తారు" అన్నారు.

"చూసినాక తెచ్చియ్యి నాయనా, అదేపనిగా చూస్తే నలుగురికీ కళ్లు నొప్పులొస్తాయి" అంది అవ్వ. మీరు నవ్వారు.

ఇప్పుడది మీ అద్దాలపెట్టెలో ఉంది. కింద 'అమరజవాను పెంచలయ్య' అని మా తాతయ్య పేరు అచ్చు వేయించారు. ఆ పెట్టె ఫొటో మా ఊళ్లో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది.

ఆరోజు నేను గడప దగ్గరే ఉన్నాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు గానీ, రాయడం వచ్చు. మీరు చేసింది సేకరణ కాదు, దొంగతనం. ఆదివారం నెల్లూరులో మాజీ సైనికుల సభ ఉంది. శనివారానికల్లా బ్యాడ్జీ మా ఇంటికి చేరకపోతే ఈ ఉత్తరం నకలు ఆ సభలో చదివిస్తాను.

మా తాతయ్య బతికినంతకాలం సముద్రంలో వల వేశాడు. ఆ యుద్ధంలో సైనిక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది మా అవ్వ.