పాయింట్ సిక్స్ నీళ్ళు

జూన్ 9, 2025. సాయంత్రం

శ్రవణ్ ఈ రోజు మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ అబద్ధం చెప్పాను.

ఎవరూ చదవని పుస్తకం కాబట్టి ఇందులోనైనా నిజం రాయాలి. ముందు పనేమిటో రాస్తాను. లేకపోతే రేపు చదువుకున్నప్పుడు నాకు నేనే సాకులు వెతికి పెట్టుకుంటాను.

సూర్యుడిలో ఉండే మంటలాంటిదాన్ని భూమ్మీద అయస్కాంతాల మధ్య బంధించాలని చాలా దేశాలు తంటాలు పడుతున్నాయి. ఆ మంట పేరు ప్లాస్మా. దానికి మేత వేయాలి. హైడ్రోజన్‌ని గడ్డకట్టించి, మిరియపు గింజంత పెల్లెట్ చేసి లోపలికి కొడతారు. దారిలోనే అది ఆవిరై మబ్బులా విచ్చుకుంటుంది. ఆ మబ్బు ఉన్నచోట ఉండదు, బయటి గోడవైపు జారుతుంది. మరీ జారితే మేత మధ్యకి చేరదు, వృథా. ఎంత జారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే కోడ్ రాయడం నా పీహెచ్‌డీ.

రెండేళ్ళ క్రితం నా కోడ్ ఇరవై సెంటీమీటర్లు జారుతుందని చెప్పింది. అసలు మెషీన్‌లో కొలిస్తే పన్నెండే. నాలుగు నెలలు వెతికాను, తప్పు దొరకలేదు. రీసెర్చ్ పేపర్ డెడ్‌లైన్ వచ్చి నెత్తిన కూర్చుంది. ఒక రోజు విసుగొచ్చి ఆ ఇరవైని 0.6తో గుణించాను. పన్నెండు వచ్చింది. ఆ అంకెకి కోడ్‌లో 'నీళ్ళు' అని పేరు పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో. పాలవాళ్ళ పిల్లని కదా, కల్తీకి ఆ పేరే తట్టింది. పక్కన 'తర్వాత తీసేయాలి' అని కూడా రాసుకున్నాను. తీయలేదు. పేపర్ అచ్చయింది. మా గైడ్ సార్‌కి తెలుగు రాదు, నా ఫైల్ ఎప్పుడూ తెరవలేదు. గ్రాఫ్ చూసి బ్యూటిఫుల్ అన్నారు.

శ్రవణ్‌కుమార్ నా జూనియర్. కిషన్‌బాగ్ వాడు, వాళ్ళ నాన్న బస్ డిపోలో మెకానిక్. సార్ చెప్పారని అదే కోడ్‌ని మొదటినుంచి సొంతంగా రాశాడు. వాడికి ఇరవై వస్తోంది. నాది అచ్చయిన పేపర్ కాబట్టి తప్పు వాడిదేనని అందరూ అనుకుంటున్నారు. వాడూ అదే అనుకుంటున్నాడు. ఆరు నెలలుగా లేని తప్పు కోసం వెతుకుతున్నాడు. తప్పెక్కడుందక్కా అని ఈ రోజు అడిగితే, బౌండరీ కండిషన్స్ చూసుకో తమ్మీ అన్నాను.

జూన్ 10. ఉదయం 6.15

కొట్టంలో పెండ ఎత్తి వచ్చి రాస్తున్నాను. మాకు దబీర్‌పురాలో ఏడు బర్రెలున్నాయి. బాపు పాలు పిండే ముందు బకెట్ బోర్లించి, వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. ఖాళీ ఉంది, చుక్క నీళ్ళు లేవు, చూసుకో అని. తాతల నుంచి ఉన్న పద్ధతి. కొత్తవాళ్ళకైతే సరే. లీలమ్మ ఆంటీ రైల్వేలో పనిచేసి రిటైరైంది, ముప్పై ఏళ్ళుగా మా పాలే తాగుతోంది. ఆమెకీ రోజూ చూపిస్తాడు. ఆమె ఆవలిస్తూ తలూపుతుంది.

తర్వాత బాపు ఉపన్యాసం. మా మహేశ్వరి సూర్యుణ్ణి తయారు చేస్తుందమ్మా, పేపర్ల గూడ పడ్డది అన్నాడు. ఏ పేపరో ఆయనకి తెలియదు. లీలమ్మ ఆంటీ నన్ను చూసి, ఏమమ్మా, సూర్యుడు ఎందాక వచ్చిండు అని అడిగింది. వస్తున్నాడు ఆంటీ అని చెప్పి లోపలికొచ్చేశాను.

జూన్ 12

ఈ రోజు చేసింది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

సార్ నా కోడ్‌ని శ్రవణ్‌కి ఇమ్మన్నారు, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడని. ఇవ్వనని ఎలా అంటాను? ఫైల్ తెరిచాను. ఆ పేరు కనపడింది. శ్రవణ్‌కి తెలుగొచ్చు. ఒక్క చూపు చాలు.

ఆ లైన్ తీసేశాను. నీళ్ళని కాదు, పేరుని. ఆ 0.6ని అయస్కాంత క్షేత్రం లెక్కలో ఉన్న ఇంకో పెద్ద అంకెతో గుణించి అందులో కలిపేశాను. ఇప్పుడది విడిగా కనపడదు. పాత మార్పుల హిస్టరీ వెంట రాకుండా కొత్త ఫోల్డర్‌లో పెట్టి పంపాను. మూడు నిమిషాల పని.

వాడు వెంటనే మెసేజ్ పెట్టాడు. మస్తు థాంక్స్ అక్కా, నీ కోడ్ చదివితేనన్న అకల్ వస్తదేమో అని.

రెండేళ్ళ క్రితం చేసినదానికి తొందర అని పేరు పెట్టుకోవచ్చు. ఈ రోజు చేసినదానికి అలా ఏ పేరూ దొరకడం లేదు.

జూన్ 27

క్యాంటీన్‌లో శ్రవణ్ పరుగున వచ్చాడు. అక్కా, ఒకటి దొరికింది, ఏ రన్ చూడు, నీదానికి నాదానికి రేషియో ఒక్కటే, పాయింట్ సిక్స్ అన్నాడు. బగ్ అయితే గింత సాఫ్‌గ ఎట్ల వస్తది అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేం కలపలేదే అనబోయాను. ఆగాను. యూనిట్స్ ఎక్కడో తప్పుంటుంది, నీ కన్వర్షన్లన్నీ మొదటినుంచి చెక్ చెయ్ అన్నాను.

కరెక్టే అక్కా అని తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇంకో నెల పోయింది వాడికి.

జూలై 3

ఎమ్‌ఎమ్‌టీఎస్ రైల్లో సీటు దొరికింది. ఆ సంతోషం కూడా ఈ మధ్య దొంగసొత్తులా ఉంది.

జూలై 11

సార్ పిలిచారు. 28న శ్రవణ్ రివ్యూ. కోడ్ పనిచేయకపోతే కమిటీ వాణ్ణి కొనసాగించదట, పీహెచ్‌డీ కాకుండా ఎమ్మెస్ డిగ్రీ ఇచ్చి పంపించేస్తారట. సీనియర్‌వి నువ్వు, వాడి తప్పు ఏ రకందో ఒక పేజీ రాసి తీసుకురా, నువ్వు చెబితే కమిటీ నమ్ముతుంది అన్నారు. హి ఈజ్ ఎ గుడ్ బాయ్ బట్ కేర్‌లెస్ అని కూడా అన్నారు.

కేర్‌లెస్ అంట. వాడు ప్రతి లైన్‌కీ ఎందుకు రాశాడో పక్కన రాసుకుంటాడు.

సరే సార్ అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. అదే భయంగా ఉంది. అబద్ధం అలవాటైతే గొంతుకి కూడా తెలియదు కాబోలు.

జూలై 20

బోనాలు. వీధంతా డప్పులు, వేపాకు వాసన. అమ్మ తలమీద బోనం పెట్టుకుని ముందు నడిచింది, నేను వెనక. అమ్మవారి ముందు కళ్ళు మూసుకుంటే గ్రాఫ్ కనపడింది. ఏమీ మొక్కుకోలేదు.

జూలై 24. ఉదయం

ఆ పేజీ ఇంకా రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చింపాను.

పొద్దున కొట్టంలో బాపుని ఊరికే అడిగాను. లీలమ్మ ఆంటీ ముప్పై ఏళ్ళుగా నమ్ముతోంది కదా, ఆమెకి రోజూ బకెట్ చూపించడం దేనికి అని. బాపు బర్రె పొదుగు కడుగుతూ తలెత్తలేదు. నమ్మినోళ్ళకే చూపియ్యాలె బిడ్డా అన్నాడు. నమ్మనోడు లాక్టోమీటర్ పెట్టి చూసుకుంటడు, లేకుంటే ఇంకో కొట్టం కాడికి పోతడు, వానితోని ఫికర్ లేదు, నమ్మినామె చూడది గదా, అందుకే మనమే చూపియ్యాలె అన్నాడు. తర్వాత కుడితి తెమ్మని అరిచాడు.

కుడితి బకెట్ మోసుకొస్తుంటే ఆ మాటే చెవిలో తిరిగింది. సార్ చూడరు. శ్రవణ్ చూసినా అనుమానించడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నా విషయంలో చుట్టూ ఉన్నవాళ్ళే కళ్ళు మూసుకుని నన్ను తాగనిచ్చారు.

జూలై 27

పాత హార్డ్‌డిస్క్ వెతికి తీశాను. ఫైల్ ఉంది. ఆ లైన్ ఉంది. చెప్తానో లేదో తెలియదు.

జూలై 28. సాయంత్రం 5

చెప్పాను. వరుసగా రాస్తాను, మర్చిపోతానని కాదు, తర్వాత అందంగా మార్చుకోకుండా.

గదిలో సార్, ముగ్గురు ప్రొఫెసర్లు, శ్రవణ్, నేను. శ్రవణ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చివరి స్లయిడ్‌లో వాడే రాసుకున్నాడు, నా కోడ్‌లో తప్పు ఉంది, ఇంకా దొరకలేదు, ఆరు నెలలు సమయం ఇవ్వండి అని. అందరి ముందూ సారీ చెప్పాడు. నా వైపు తిరిగి, అక్క మస్తు హెల్ప్ చేసింది, నాకే అందలేదు సార్ అని ఇంగ్లీషులో చెప్పాడు.

అది విన్నాక కూర్చోలేకపోయాను. లేచి, తప్పు అతనిది కాదు అన్నాను. ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టాను. పాత ఫైల్ తెరిచి, 214వ లైన్ పెద్దది చేసి చూపించాను. నీళ్ళు ఈక్వల్ టు 0.6.

సార్ ముందుకి వంగి, వాట్ ఈజ్ దిస్ నీళ్ళు అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే శ్రవణ్ చెప్పాడు. వాటర్, సర్ అన్నాడు. స్క్రీన్‌నే చూస్తున్నాడు. గొంతులో కోపం లేదు. ఎనిమిది నెలలుగా వెతుకుతున్నది దొరికినవాడి గొంతు అది.

ఆ తర్వాత జూన్ 12న చేసింది కూడా చెప్పాను. అది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఈ గ్రాఫ్ నేను మూడు కాన్ఫరెన్సుల్లో చూపించాను మహేశ్వరీ అన్నారు సార్. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 29

పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని సార్ జర్నల్‌కి రాశారు. నా థీసిస్ ఆగింది, కనీసం ఏడాది. శ్రవణ్ కొనసాగుతాడు.

ల్యాబ్‌లో వాడి పక్కనుంచి వెళ్తుంటే, గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నాడు.

ఇంతకాలం అక్కా అన్నాడు.

ఆగస్టు 1

శ్రవణ్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు. ఒక కాగితం పెట్టాడు. మేడమ్, మీ 0.6 పెల్లెట్ కొట్టిన అన్ని షాట్లకీ ఒక్కటే, అసలు కొలతలు చూస్తే గట్ల లేదు అన్నాడు. ప్లాస్మా మారినకొద్దీ ఒకచోట 0.5, ఒకచోట 0.7, అదీ ఒక వరుసలో మారుతోందట. అంటే మబ్బుని ఏదో పట్టి ఆపుతోంది, మన ఇద్దరి కోడ్‌లోనూ ఆ బ్రేక్ లేదు, మన ఈక్వేషన్లలోనే ఒక ముక్క తక్కువుంది అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఇరవైకీ పన్నెండుకీ మధ్య తేడా నా తప్పు కాదు. పట్టుకోవాల్సిన విషయమే అది. రెండేళ్ళ క్రితం నా చేతిలోకే వచ్చింది. నేను దానిమీద నీళ్ళు పోసి, కనపడకుండా చేసి, పేరు తెచ్చుకున్నాను.

కలిసి రాద్దామా శ్రవణ్ అని అడగబోయాను. సిగ్గేసింది. చాలా బాగా పట్టుకున్నావు అన్నాను. తల ఊపి వెళ్ళాడు.

ఆగస్టు 3. ఆదివారం, మధ్యాహ్నం

బాపుకి చెప్పాను. ఆయన లీలమ్మ ఆంటీ నుంచి మాదన్నపేట మార్కెట్‌లో గడ్డి అమ్మేవాళ్ళ దాకా అందరికీ సూర్యుడి గురించి చెప్పుకుంటుంటే ఎన్నాళ్ళు వింటాను?

మబ్బు, అయస్కాంతం అంటూ మొదలుపెట్టి వదిలేశాను. బాపూ, నేను నీళ్ళు కలిపాను అన్నాను. ఇంకేం వివరించాల్సిన పని పడలేదు. గడ్డి కోస్తున్న చెయ్యి ఆగింది.

ఎవలన్న తాగిన్రా అని అడిగాడు.

అంత సూటి ప్రశ్న కమిటీలో ఎవరూ అడగలేదు. తాగారు, శ్రవణ్ అని ఒకతను, ఎనిమిది నెలలు అన్నాను. గా పిలగానికి చెప్పినవా అన్నాడు. చెప్పాను అన్నాను. బాపు మళ్ళీ గడ్డి కోయడం మొదలుపెట్టాడు, కావలసినదానికంటే ఎక్కువే కోశాడు. అన్నం తినేటప్పుడు నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, పచ్చడి ఘాటు అని అమ్మతో అన్నాను.

ఆగస్టు 4. ఉదయం

లీలమ్మ ఆంటీ ఎప్పటిలాగే అడిగింది, సూర్యుడు ఎందాక వచ్చిండు అని. నేను నేలని చూస్తున్నాను. బాపు చెప్పాడు. ఇంక కాలేదమ్మా, మళ్ళ మొదటికెల్లి షురూ చేసింది అన్నాడు.

ఆగస్టు 5. ఉదయం 5.40

ఇంకా ఎవరూ రాలేదు. కొట్టంలో బాపు, నేను, బర్రెలు. పుట్టినప్పటినుంచి ఇక్కడే ఉన్నాను, మా ఇంట్లోవాళ్ళకి ఆయన ఏనాడూ చూపించలేదు. ఈ రోజు బకెట్ బోర్లించి, నా ముందుకి తెచ్చి, నేను చూసేదాకా పట్టుకుని నిలబడ్డాడు.