ఎలకలు చప్పుడు మానేశాయట

పూజ్యురాలైన అప్పకు తమ్ముడు దానయ్య చేతులు జోడించి రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఏక్‌బాల్‌పూర్‌లో నేనూ నా మోకాలి నొప్పీ కలిసిమెలిసి ఉన్నాం. నీ కళ్లు ఎలా ఉన్నాయి? కోడలు రూతు, పసిగుడ్డు క్షేమమేనా? ఇక్కడ వానలకు గోడలకు కూడా చెమటలు పడుతున్నాయి. రేవులో మూటలు మోసిన నాటినుంచి ఈ బెంగాలీల ఊళ్లోనే ఉన్నా, వాళ్ల ఆవనూనె వాసన నాకింకా చుట్టం కాలేదు.

మొన్న నీ కొడుకు యోహాను సంతకొచ్చి ఫోన్ చేశాడు. అడవి కమిటీకి పెద్ద అయ్యాక కొండమీద పొదలన్నీ కొట్టించాడట, పడిన దుంగలు ఏరించాడట. ఇక మంటలు రేగవట, టేకు ఏపుగా ఎదుగుతుందట. "అడివి ఊడిసిన వాకిలిలాగుంది మావయ్యా" అని మురిసిపోయాడు. మురవనిచ్చాను. ఆ కొట్టిన కట్టెలు మీ పెరటిగోడకే పేర్చారట. ఇంట్లోకి దండెత్తిన ఎలకలు ఈమధ్య ఒక్కసారిగా చప్పుడు మానేశాయట, తల్లీబిడ్డా చాపమీద హాయిగా నిద్రపోతున్నారట. జాగ్రత్తరా అని నేను చెప్పేలోగా లైను తెగింది.

పొట్లాం కాగితాల్లో చదువుకున్నవాణ్ణి, నా మాట ఎవరు వింటారు గానీ, పొద మనకు అడ్డం, చుంచుకూ కుందేలుకూ ముంగిసకూ ఇల్లు. కప్పు పోతే కొన్నిటిని గద్దలు తన్నుకుపోతాయి, కొన్ని బెదిరి ఎటో పోతాయి. ఎలకలు మాత్రం గింజల వాసన పట్టుకుని మన గాదె దగ్గరికొస్తాయి. వాటి వెనక వచ్చేదాని పేరు చీకటిపడ్డాక అమ్మ మనల్ని పలకనిచ్చేది కాదు, గుర్తుందా?

ఇక్కడా అంతే. మా ఇళ్ల వరస వెనక ఖాళీ జాగాలో తుప్పలు కొట్టేశారు. ముంగిసలు మాయమయ్యాయి, ఎలకలొచ్చాయి, ఒకనాడు చప్పుడు ఆగింది. నాకు గుబులు పుట్టింది. పక్కింటి ఎర్రయ్య, మన వైపు వాడే, ఎగతాళి చేశాడు.

"ఎలకలు పోనాయంటే మొకం అలాగెట్టినావేటి మావా, సందేశ్ మిఠాయి పంచాల గానీ."

వాడే మర్నాడు మూలనున్న కట్టె తీయబోయి కాటు తిన్నాడు. ఆసుపత్రికి మోసుకుపోతే బతికాడు గానీ వేళ్లింకా ముడవలేడు.

కొండ కింద సిగ్నల్ దొరకదని తెలిసీ మొన్నటినుంచీ మీకు ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. ఇక్కడ టికియాపారాలో ఉండే రైల్వే రాజారావు ఈ పూటే మీ వైపు పలాసకు బండెక్కుతున్నాడు, ఇది అతని చేతికిస్తున్నాను. యోహానూ, మీ అమ్మకు చదివి వినిపిస్తూ నవ్వకు. ముందు తల్లినీ బిడ్డనీ వీధిగదిలో మంచం ఎక్కించు. కట్టెల మీద చెయ్యి వెయ్యొద్దు, పాములు పట్టేవాణ్ణి పిలిచి పగలే తీయించు. జరగరానిది జరిగితే మంత్రగాడి దగ్గరికి కాదు, ఆసుపత్రికి పరుగెత్తు. వాగు పక్క పొదలు మిగిలుంటే అవైనా ఉంచు, దుంగలు తిరిగి అడవిలో పడేయించు. ముంగిసను మించిన కాపలాదారు మీ కమిటీకి దొరకడు.

బావగారికీ సంఘం పెద్దలకూ నా వందనాలు. అప్పా, నీ చెయ్యి నా తలమీద ఉంచి ప్రార్థన చెయ్యి. మీ ఇంట్లో ఎలకలు మళ్లీ చప్పుడు చేస్తున్నాయని కబురు పంపు. అందాకా నాకు కన్ను మూతపడదు.

నీ దీవెన కోరే తమ్ముడు,
దానయ్య