నా అర్జీకి నేనే చెయ్యెత్తినాను

బెంగళూరు,
ఆదివారం పొద్దున

నాయనకు, అమ్మకు, అవ్వకు మాల్యాద్రి దండాలు. నేను, పద్మ, బిడ్డ ముగ్గురం బాగుండాము. మీరు ఎట్టుండారు? అవ్వ మోకాళ్ల నొప్పులు తగ్గినాయా? గొర్రెలకు మేత దొరకతా ఉండాదా? ఫోనుండగా ఉత్తరం ఏందిరా అనుకుంటా ఉంటావు. చివర్లో చెప్తాను, అమ్మను పక్కన కూర్చోబెట్టుకోని చదువు.

ఇక్కడ వానలు మొదలైనాయి. పద్మ రాగిసంగటి గెలికితే ఇంటి ఓనరు కూడా గిన్నె పట్టుకోని వస్తాడు. గోంగూర దొరకతాది కానీ పులుపుండదు.

ఒక సంగతి దాచినాను, తిట్టబాకు. మూణ్ణెల్ల కింద స్కూటరు మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసినారు. కట్టుడు పళ్ల సెట్లు చేసేవాడికి చెయ్యి పోతే ఇంకేముండాది నాయనా? ల్యాబు మూతపడింది. పళ్ల డాక్టర్లు ఆర్డర్లు వేరేవాళ్లకు ఇయ్యబట్టినారు. మిషన్లు అమ్మేసి ఊరికొచ్చి నీతోపాటు గొర్రెలు తోలుకుందామని పద్మతో అన్నాను. ఒకర్ని సాయం అడిగేదానికి మాత్రం నోరు రాలా. నీ కొడుకునే కదా.

మా పళ్ల టెక్నీషియన్లకు ఒక సంఘం ఉండాది, సగం మంది మన తెలుగోళ్లే. కష్టంలో ఉండే సభ్యుడికి సాయం చేస్తారు, కానీ మీటింగులో పేరు చెప్పరు. అర్జీ కూడా ఆ మనిషి రాయాల్సిన పన్లా, తెలిసినోళ్లు ఇద్దరు రాస్తే చాలు. రెణ్ణెల్ల కింద మీటింగులో ప్రెసిడెంటు చదివినాడు: "ఒక సభ్యుడికి పని ఆగిపోయింది. పెళ్లాం, బిడ్డ ఉండారు. ఎవుర్నీ అడగడు." రమణన్న అని మాలో పెద్దాయన, "అడగనోడికి మనమెందుకు ఇయ్యాల?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. లేచి, "అడిగినోడికి ఎవుడైనా ఇస్తాడు. అడగలేనోణ్ణి కనిపెట్టి ఇయ్యకపోతే సంఘం ఎందుకు?" అని అరిచి ఎడంచెయ్యి ఎత్తినాను. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడతానే ఉండాది. అయినా నా బుర్రకు తట్టలా చూడు. నాకంటే కష్టంలో ఉండేవాడు ఎవుడో పాపం అనుకున్నాను.

ఎవురూ నవ్వలా. అందరూ చేతులెత్తినారు.

మర్నాడు రమణన్న ఇంటికొచ్చి ల్యాబు తాళం అడిగినాడు. ఆ అర్జీ నా గురించేనంట, రాసిన ఇద్దరిలో ఆయనొకడంట. నేను వద్దంటే, "నిన్న గొంతు చించుకున్నది ఎవుడురా?" అన్నాడు. తాళం ఇచ్చినాను. బాడుగ సంఘం కట్టింది. రోజుకొకరు వంతులేసుకోని నా ల్యాబులో కూర్చోని నా ఆర్డర్లు చేసిచ్చినారు, గిరాకీ పోకుండా.

ఊరోళ్ల సొమ్ము తినినావారా అంటావేమో. తినినాను నాయనా. ఊర్లో ఒక మనిషి మంచాన పడితే వాడి గొర్రెల్ని నీ మందలో కలిపి తోలుకోనిపోతావే, నువ్వు ఏనాడైనా వాడు అడిగిందాకా ఆగినావా? వాళ్లు చేసిందీ అదే. తాళం ఇచ్చిన రాత్రి పద్మ, నేను కరువుతీరా నవ్వినాము, ఏడ్చినాము.

ఉదయగిరి చెక్క స్పూన్లు ఒక డజను కొని బస్సుకు ఇచ్చి పంపు. వంతులకు వచ్చినోళ్లకు ఇయ్యాల. అవ్వకు కట్టుడు పళ్లు నేనే చేస్తాను, ఈసారి వద్దంటే వినను.

పెద్దోళ్లందరికీ నా దండాలు చెప్పు. మీ దీవెన మా మీద ఉండనీండి.

ఉత్తరం ఎందుకంటే, వేళ్లు సాగేదానికి రోజూ ఒక పేజీ రాయమన్నాడు డాక్టరు. మొదటి పేజీ మీకే రాద్దామని ఆగినాను. అక్షరాలు వంకరపోయినాయని తిట్టబాకు నాయనా, కుడిచేత్తోనే రాసినాను.

మీ కొడుకు
మాల్యాద్రి