పాత ఇంజను సప్పుడు

ఐతారం, 1946. శామీర్‌పేట.

నాయిన కొన్న పాత మోటరు బండికి మేడ్చల్ మిస్త్రీ ఖాసిం భాయ్ ఇయ్యాల మిలిటరీ లారీ ఇంజను బిగించిండు. "పాతదాని సామాను ఇగ దొరకది అన్నా," అన్నడు. నిజమే. కొత్తది మస్తు గుంజుతాంది.

ఖుషీగ ఇంటికొస్తే పొయ్యే అంటుకోలే. రోజూ ఊరి మలుపుల మా మోటరు డగడగ ఇనంగనే నా పెండ్లాం మరియమ్మ ఎసరు పెడ్తది.

"లారీ అనుకున్న," అన్నది.

"ఇగ నుంచి గీ సప్పుడు గుర్తు పెట్టుకోరాదె?" అన్న.

"దినాం ఎన్ని లారీలు పోతయి. అన్నిటికీ ఎసరు పెట్టాల్నా?"

నవ్వాపుకోలేకపోయిన. పొద్దుగాల పోయి పాత ఇంజనే మళ్ల పెట్టిపిచ్చుకుంట. ఖాసిం భాయ్ తిడ్తడు, తిట్టనీ. అది ఇంకెన్నొద్దులు నడుస్తదో ఏమో... నడిచినన్నొద్దులు బువ్వ ఉడుకుడుకు తింట.