నలభై మూడో రోజు

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
ఆదివారం

చి. రజనికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. ఆస్ట్రేలియా ఒడ్డున నువ్వూ నీ కొత్త పడవా బాగున్నారన్న నమ్మకంతో రాస్తున్నాను.

నీ హిందీ ఉత్తరం అందింది. జవాబు మాత్రం తెలుగులో, చేత్తో రాయమన్నావు. ఒక్కదానివే తెడ్లేసుకుంటూ హిందూ మహాసముద్రం దాటేటప్పుడు, కూడబలుక్కుని చదువుకుంటే ఒక వారం గడిచిపోతుందన్నావు. అందుకే అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. కానీ తల్లీ, దీన్ని ఒడ్డు మీదే చదివెయ్యి.

అరచేతుల బొబ్బలకి ఏం రాయాలని అమ్మనడిగావు. ఆముదం పంపుతోంది. దాంతోపాటు నువ్వుండలు, వెల్లుల్లి కారం కూడా. అక్కడ విమానాశ్రయంలో లాక్కుంటారంటే వినదే! అవీ ఈ ఉత్తరమూ మోహిత్ తెస్తాడు. నీకు ఒడ్డు నుంచి గాలీవానా కబుర్లు చెప్పడానికి ఈసారి కద్మాలో తన ఇల్లు వదిలి అక్కడికే వస్తున్నాడుగా.

ఇక అసలు ప్రశ్నకొస్తాను. "పోయినసారి అట్లాంటిక్‌లో నలభై మూడో రోజున భయపడి ఓడ ఎక్కేశాను. మళ్లీ అలాగే చేస్తానేమో నాన్నా" అని రాశావు.

నువ్వు భయపడలేదమ్మా. భయపడింది నేను.

ఆ రోజు మోహిత్ నాకు ఫోన్ చేశాడు. "తూఫాన్ ఉత్తర్ కీ తరఫ్ ముడ్ జాయేగా అంకుల్, రజని కో రోక్‌నే కీ జరూరత్ నహీ" అన్నాడు. అది ఉత్తరానికి మళ్లిపోతుంది, నిన్ను ఆపక్కర్లేదన్నా నేను వినలేదు. తుఫాను నీ మీదికే వస్తోందని నీకు చెప్పి, దగ్గర్లో పోతున్న ఓడ ఎక్కించమన్నాను. బతిమాలాను, ఏడ్చాను. కాదనలేక అలాగే చెప్పాడు. నీకు నిజం చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాను. తుఫాను ఉత్తరానికే పోయింది. వదిలేసిన నీ పడవ మాత్రం దొరకలేదు. రెండేళ్లుగా నిన్ను నువ్వు తిట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

ముప్పై నాలుగేళ్లు టాటానగర్ రైల్వే కేబిన్‌లో సిగ్నళ్లు వేసినవాణ్ణి. అనుమానం వస్తే ఎర్ర సిగ్నలే. ఎందుకని డ్రైవరుకి చెప్పే పని లేదు. ఆ అలవాటే కన్నకూతురి దగ్గరా చూపించాను. తప్పు చేశాను.

నిన్న అన్నం తింటూ మీ అమ్మకి చెప్పేశాను. "ఏటి మనిసండీ మీరు! రెండేళ్లు కడుపులో ఎలాగ దాసుకున్నారు? పిల్ల పడవెక్కకముందే రాసీండి" అని గరిటె పట్టుకునే అరిచింది.

మోహిత్‌తో మాట్లాడాను. ఒట్టు తీసేశాను. ఇకమీద గాలి ఎటున్నా ఉన్నదున్నట్టు నీకే చెప్తాడు. ఆగడమో సాగడమో నీ ఇష్టం. నీకేదైనా ఆపదొస్తే ఫోన్ చేయాల్సిన వాళ్ల కాగితంలో నా పేరు కొట్టించి మీ అమ్మ పేరు రాయించాను. ఆవిడ నీకన్నా మొండిది.

కోపం వస్తుంది, రావాలి. శాటిలైట్ ఫోన్‌లో ఎంతసేపు తిట్టినా వింటాను. పిరికిదాన్నన్న మాట మాత్రం ఒడ్డునే వదిలేసి పడవెక్కు. నలభై మూడో రోజున నీ చేతులు తెడ్ల మీదే ఉన్నాయి.

ఇట్లు,
నీ పిరికి నాన్న,
కూర్మారావు