భారం ఎటు దిగుతుంది?

తమ్ముడూ,

నాన్న సంస్మరణ సభకు శిష్యులంతా పట్టాలని, ఆయన పాఠాలు చెప్పిన గది గోడ కొట్టెయ్యమన్నావట. మేస్త్రీ వచ్చేశాడు.

ఈ ఇల్లు కట్టిన ఇంజనీరు ఆయనే. శిష్యులు ప్లాను మీద గీత గీయబోయినా, మనం పుస్తకాల అల్మరా జరపబోయినా, "ముందు భారం ఎటు దిగుతుందో చెప్పు" అనేవారు. చెప్పేదాకా చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు.

పొద్దున ఫోన్‌లో నేనూ అదే అడిగితే, "భారమంతా నాదేలే అక్కా" అని పెట్టేశావు. మళ్ళీ ఎత్తలేదు.

ఆ గోడ మీదే పై గది నిలబడింది. అందులో అమ్మ పడుకుని ఉంది. "మీ నాన్న కట్టిన ఇల్లు, ఏం కాదు" అంటూ కిందికి దిగనంటోంది.

అది నువ్వు మోసే భారం కాదురా. ఈ ఉత్తరం మేస్త్రీ చేతికే ఇచ్చి పంపుతున్నాను. నాన్న ప్రశ్నకు జవాబు రాసి పంపు. సుత్తి మాత్రం నా ఒళ్ళో ఉంది.

అక్క